ఎదురు డ్యూటీ

నా చెయ్యి విరిగిన రిపోర్టు నేనే టైపు చేశాను. ఎడమచెయ్యి మెడకు కట్టిన చున్నీలో వేలాడుతుంటే, కుడిచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. పది నిమిషాల్లో అయ్యే పనికి ఆ రోజు అరగంట పట్టింది.

మంచిర్యాలలో ఒక స్కానింగ్ సెంటర్‌లో నాది రిపోర్టులు టైపు చేసే ఉద్యోగం. ఎక్స్‌రేలు, స్కానింగులు ఇక్కడ తీస్తారు. వాటిని చూసే డాక్టరు కరీంనగర్‌లో తన ఇంట్లో కూర్చుంటాడు. ఫిల్ములు ఆయన ఫోన్‌కు వెళ్తాయి. చూసి, అందులో ఏముందో మాటల్లో చెప్పి నా ఫోన్‌కు పంపిస్తాడు. అది విని నేను టైపు చేస్తాను. మా సెంటర్‌వే కాదు, ఊళ్లో నాలుగైదు చిన్న దవాఖానల ఫిల్ములు కూడా ఇలాగే వచ్చి పోతాయి. నాలుగేళ్లుగా ఆ గొంతు నా చెవిలో ఉంది కానీ మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు. నా పేరు ఆయనకు తెలియదు. 'అమ్మా' అంటాడు, అంతే.

ఆ రోజు ఇంగ్లీషులో చెప్పాల్సింది చెప్పి, చివర్లో ఎప్పటిలాగే తెలుగులోకి దిగాడు.

"గీమె కింద పడలేదమ్మా. నెత్తి మీదికొచ్చే దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టింది. గట్ల పెడ్తేనే గీ ఎముక గిట్ల ఇరుగుతది. రిపోర్టుల మాత్రం రాయకు. మనకెందుకు పంచాయితి."

మోచేతికీ మణికట్టుకూ మధ్య రెండు ఎముకలుంటాయి. తల కాపాడుకోవడానికి చెయ్యి ఎత్తితే, చిటికెన వేలు వైపున్న ఎముకకే ముందు దెబ్బ తగులుతుంది. నెలకు ఇద్దరో ముగ్గురో ఆడవాళ్లవి అలాంటి ఫిల్ములు వచ్చేవి. వెంట వచ్చే చీటీల మీద మెట్లని, బాత్రూమని, బండి మీంచి పడ్డామని రాసి ఉండేది. డాక్టరు ప్రతిసారీ ఆ మాటే చెప్పేవాడు. నేను ప్రతిసారీ ఆ ఒక్క మాట వదిలేసి మిగతాదంతా టైపు చేసేదాన్ని. నా చీటీ మీద 'నల్లా దగ్గర జారిపడి' అని నేనే రాయించాను.

కొట్టింది నా భర్త. ఆయన అనే రాస్తున్నాను, నోటికి పట్టిన అలవాటు పోదు. బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో, పని చేస్తాడు, అసలు ఆదిలాబాద్ దిక్కు మనిషి. ఆ రోజు రాత్రి షిఫ్టు దిగి పొద్దున ఎనిమిదింటికి ఇంటికొచ్చాడు. నేను స్నానం చేస్తున్నాను. తలుపు తీయడం ఆలస్యమైంది. లోపలికి రాగానే కూర్చునే చెక్కపీట అందుకుని వీపు మీద రెండుసార్లు వేశాడు. మూడోది తల మీదికి వస్తుంటే చెయ్యి ఎత్తాను. పచ్చి కట్టె విరిచినట్టు చప్పుడైంది. ఆ వెంటనే పక్క క్వార్టర్‌లో టీవీ శబ్దం పెరిగింది. మా కాలనీలో రెండిళ్లకు మధ్య ఒకటే గోడ, అందరికీ అన్నీ వినపడతాయి.

అప్పటికి పెళ్లయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. ఒకటి కడుపున పడింది, అయిదో నెలలో ఆయన కాలితో తంతే పోయింది. "మరెందుకున్నవే గాడ?" అని ఇప్పుడు అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల మీద నాకు ఆయన మీదకన్నా ఎక్కువ ఒళ్లు మండుతుంది. కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ఆయన పేరు మీద ఉంది. నాదంటూ ఉన్నది ఆ టైపు ఉద్యోగం ఒక్కటే. అది క్వార్టర్ నుంచి ఆటోలో పది నిమిషాల దూరం. ఇల్లు వదిలితే ఊరూ, ఊరితో ఉద్యోగమూ వదలాలి, ఉద్యోగం వదిలితే ఆయన ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. ఇంతకన్నా విడమర్చి చెప్పే ఓపిక నాకు లేదు.

మా కాలనీలో ఏ ఇంట్లో చూసినా గోడ క్యాలెండర్ మీద బాయి షిఫ్టులు రాసి ఉంటాయి. ఒక వారం మొదటి షిఫ్టు, పొద్దున ఏడు నుంచి మూడింటి దాకా. ఇంకో వారం రెండో షిఫ్టు, మూడు నుంచి రాత్రి పదకొండు దాకా. ఆ తర్వాతి వారం రాత్రి షిఫ్టు. వంట, నిద్ర, చుట్టాల ఇళ్లకు పోవడం, అన్నీ దాన్ని బట్టే నడుస్తాయి. చేతికి పట్టీ ఉన్న ఆరు వారాల్లో నేను ఆ క్యాలెండర్ పాత కాగితాలన్నీ తిరగేసి, ఆయన నన్ను కొట్టిన రోజులు గుర్తు తెచ్చుకుని, తేదీ పక్కన పెన్సిల్‌తో చుక్కలు పెట్టాను. పొద్దున కొడితే తేదీకి పైన, సాయంత్రం కొడితే కింద.

చుక్కలన్నీ పెట్టాక చూస్తే విషయం తేటగా కనపడింది. చారులో ఉప్పు, తలుపు ఆలస్యం, ఫోన్ బిజీ, ఇవేవీ కారణాలు కావు. ఆయన మెలకువతో ఇంట్లో ఉన్నప్పుడు నేను ఎదురుగా ఉంటే చాలు. ఆయన్ని మార్చడం నా వల్ల అయ్యే పని కాదని తొమ్మిదేళ్లలో తెలిసిపోయింది. నా వేళలు మాత్రం మార్చుకోవచ్చు. ఆయన బాయిలో ఉన్నప్పుడు నేను ఇంట్లో, ఆయన ఇంట్లో ఉన్నప్పుడు నేను పనిలో ఉంటే సరి.

సెంటర్ నడిపే సారు ముందు అర్జీ పెట్టాను. అరవై దాటిన మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు ఉంటుంది. మంచివాడే. తన మంచితనం నలుగురికీ తెలియాలని మాత్రం ఆరాటం. అర్జీని రెండుసార్లు చదివి కళ్లద్దాలు పైకి తోశాడు.

"గిదేందమ్మా? ఒక వారం పొద్దుగాల, ఒక వారం పగటీలి, ఒక వారం దినమంత. సెంటరా, బాయా ఇది?"

"మా ఆయనకు వారం వారం షిఫ్టు మారుతది సార్."

"ఆయనకు మారితె నీకేంది?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబు దారి పొడుగునా నమిలి పెట్టుకున్నాను.

"టైంకు అన్నం పెట్టాలె గద సార్. టైంకు కడుపుల వడకపోతే పరేషాన్ అయితడు."

సారు ముఖం వెలిగిపోయింది. వక్కపలుకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చి, కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయిని పిలిచి మరీ చెప్పాడు. "సూసినవా? గిట్లుండాలె. మొగుని షిఫ్టుకు తన డ్యూటీ మార్సుకుంటుంది. గిప్పటి పోరగాండ్లు నేర్సుకోవాలె."

పళ్లు బిగబట్టి, తల వంచుకుని నిలబడ్డాను. సిగ్గు పడుతున్నాననుకున్నాడు.

రెండు షరతులు పెట్టాడు. ఏ రిపోర్టూ ఆగకూడదు. ప్రతి శనివారం వచ్చే వారం వేళలు బోర్డు మీద రాసి పెట్టాలి. అర్జీలో ఉన్న వేళలు ఎటువైపు తిరిగి ఉన్నాయో సారు సరిచూడలేదు. మా ఆయన మొదటి షిఫ్టుకు పోతే నాది మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది. ఆయన రెండో షిఫ్టుకు పోతే నాది పొద్దున ఏడు నుంచి మూడు. రాత్రి షిఫ్టు వారమే కష్టం, మనిషి పగలంతా ఇంట్లోనే ఉంటాడు. ఆ వారం పొద్దున ఏడున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా చేస్తానని రాశాను. ఎక్కువ గంటలు ఊరికే వస్తుంటే కాదనే యజమాని ఉంటాడా? ఆదివారం ఆయనకు సెలవు కాబట్టి ఆ రోజు డ్యూటీ కూడా నేనే తీసుకుని, నా సెలవు వారం మధ్యలో పెట్టుకున్నాను.

అడగడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. నేను లేని గంటల్లో డాక్టరు మాటలు ఫోన్‌లో పేరుకుపోయేవి. మొదటి నెల ఆయన రెండుసార్లు విసుక్కున్నాడు. తలకు దెబ్బ తగిలిన కేసులు ముందు, మామూలు ఛాతీ ఎక్స్‌రేలు తర్వాత అని వరస పెట్టుకున్నాను. కౌంటర్ అమ్మాయి మూతి ముడుచుకుంది. ఆమెకు చిన్న రిపోర్టులు టైపు చేయడం నేర్పి, బదులుగా ఆమె ఊరికి పోయే శనివారాలు ఆమె కౌంటర్‌లో నేను కూర్చున్నాను. ఇంట్లో తలుపుకు రెండో తాళంచెవి చేయించి మా ఆయన చేతిలో పెట్టాను. అన్నం, కూర హాట్‌బాక్స్‌లో, జొన్న రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టి పోయేదాన్ని.

అలా ఎనిమిది నెలలు. ఆయన నాకు కడగని కంచంగా, తడి తువాలుగా, మంచం కింద బీడీ ముక్కలుగా మాత్రమే కనపడేవాడు. ఎప్పుడైనా గుమ్మంలో ఎదురైతే "ఏందే, ఇంట్ల కనవడుతనే లేవు" అనేవాడు. "సెంటర్ల పని ఎక్కువైంది" అనేదాన్ని. క్యాలెండర్ మీద ఎనిమిది నెలల్లో మూడే చుక్కలు పడ్డాయి. వీపు మీద పచ్చ మచ్చలు పోయాయి. అద్దం ముందు జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూ ఒకరోజు నా వీపు నేనే చూసుకుని ఏడ్చాను, ఎంత బాగుందో అని.

అది రెండో షిఫ్టు వారం. మంగళవారం. మధ్యాహ్నం మూడింటికి నేను కంప్యూటర్ కట్టేసి బ్యాగు సర్దుకుంటుంటే సారు టైపు గది తలుపు దగ్గరికి వచ్చాడు. ముఖం నిండా నవ్వు.

"పొద్దుగాల మీ ఆయన అచ్చిండు. నడుము నొప్పట, ఎక్స్‌రే తీపిచ్చుకున్నడు, రిపోర్టు ఇంక రాలె. నువ్వు లోపట బిజీగ ఉన్నవని పిలువలె."

నా చేతిలో బ్యాగు ఆగిపోయింది.

"నేనే చెప్పిన. నీ పెండ్లాం బంగారమయ్యా అన్న. నీ షిఫ్టు మారినప్పుడల్ల తన డ్యూటీ మార్సుకుంటది, నీకు టైంకు అన్నం పెట్టాలెనని అన్న. ఇంత మంచిదని నీకెర్కనా అన్న. బోర్డు గుడ చూపెట్టిన." సారు తలుపు చెక్కకు ఆనుకున్నాడు. "పాపం, శానా సేపు బోర్డునే సూసిండు."

ఎందుకు చెప్పారు సార్ అని అరవాలనిపించింది. ఆయన గల్లా పట్టుకుని ఊపేయాలనిపించింది. "మంచిది సార్" అని బయటికొచ్చాను.

అయినా ఇంటికే పోయాను. ఇక్కడే నా తప్పు ఉంది, బాయి పక్కన బతికే ఆడదే చేసే తప్పు. పనికి పోకపోవడాన్ని అక్కడ నాగా అంటారు. మా ఆయన తొమ్మిదేళ్లలో ఒక్క నాగా చేయలేదు. జ్వరం నూట మూడు ఉన్నా పోయేవాడు. వాళ్ల అవ్వ పోయిన మూడో రోజు కూడా పోయాడు. బాయి ముందు మస్టర్ పుస్తకంలో పేరు పడటమే ఆయనకు మర్యాద. ఎంత కోపమున్నా మూడింటికి ముందు బాయి దగ్గర ఉంటాడు, రాత్రి పదకొండు దాటాకే వస్తాడు, ఆ లోపు నాకు ఆలోచించుకునే టైం ఉంది అనుకున్నాను. మనిషిని నమ్మకపోయినా షిఫ్టును నమ్మాను.

మూడూ ఇరవైకి క్వార్టర్ దగ్గర దిగాను. తలుపుకు తాళం ఎప్పటిలాగే వేలాడుతోంది. బండి లేదు. తాళం తీసి లోపల కాలు పెట్టాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముందు తాళం వేసి, బండి వెనక సందులో పెట్టి, పెరటి తలుపు నుంచి లోపలికి వచ్చాడు. ఒళ్లో గోడ క్యాలెండర్ ఉంది.

"అన్నం పెట్టు," అన్నాడు. గొంతు మామూలుగా ఉంది. "నాకు టైంకు అన్నం పెట్టెతందుకే గద డ్యూటీ మార్పిచ్చుకున్నవు. పెట్టు."

"నాగా చేసినవా?"

"నీ కోసమే చేసిన."

కంచంలో అన్నం పెట్టి తెచ్చాను. కంచం అందుకోకుండా క్యాలెండర్ నా ముఖం ముందు పెట్టి చుక్కల మీద వేలితో కొట్టాడు.

"గివేంది?"

అబద్ధాలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఆ క్షణాన ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు.

"నువ్వు కొట్టిన దినాలు."

కంచం పైకప్పుకు తగిలి కింద పడింది. జుట్టు పట్టుకుని నన్ను గోడకేసి కొట్టాడు. నుదురు పగిలింది. వెచ్చగా రక్తం కంట్లోకి దిగింది. "ఎనిమిది నెల్లు! ఎనిమిది నెల్లు నన్ను పిచ్చోన్ని జేసినవ్, నీయవ్వ! ఆ ముసలోడు బోర్డు సూపెట్టి సదువుతుంటే నాకు సమజైంది. నేనింట్లుంటే నువ్వు బయిట, నేను బయిటుంటే నువ్వింట్ల!" ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ. కింద పడితే నడుము మీద తన్నాడు. అప్పటికే పోయిన బిడ్డ గుర్తొచ్చి రెండు చేతులూ కడుపుకు అడ్డం పెట్టుకున్నాను. ఖాళీ కడుపుకు. అది తలచుకుంటే నాకిప్పటికీ పిచ్చి కోపం వస్తుంది.

పక్కింటి టీవీ శబ్దం పెరిగింది.

పాక్కుంటూ వంటింట్లోకి పోయాను. ఆయన బెల్టు తీస్తూ వెనకాలే వచ్చాడు. బాయిలో దీపం బ్యాటరీ తగిలించుకునే వెడల్పాటి తోలు బెల్టు అది. మెడ మీద ఒకటి పడింది. పొయ్యి పక్కన జొన్న రొట్టెలు కాల్చే ఇనుప పెంక ఉంది. ఆయన కోసమే ఆదిలాబాద్ సంతలో కొన్న పెంక, రెండు చేతులా ఎత్తాల్సినంత బరువు. నేను రెండు చేతులా ఎత్తాను.

ఆయన తలకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి పైకి లేవడం నేను చూశాను. దెబ్బ ఎక్కడ పడబోతోందో, ఏ ఎముక మీద పడబోతోందో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఊళ్లో లేరు. ఆపొచ్చు. ఆపలేదు. అదే చప్పుడైంది.

ఆయన బియ్యం డబ్బా పక్కన కూలబడ్డాడు. చేతిని చూసుకుని, నన్ను చూసి, "చెయ్యి ఇరిగిందే" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. నమ్మలేకపోతున్నాడు. నాకు జాలి కలగాల్సింది. కలగలేదు. పెంక మళ్లీ ఎత్తి భుజం మీద ఇంకొకటి వేశాను. మొదటిది నన్ను నేను కాపాడుకోవడానికి కొట్టాను. రెండోది అవసరం లేదు. కావాలని కొట్టాను, కొట్టినప్పుడు కడుపు చల్లబడింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

బ్యాగు తీసుకుని బయటికి వస్తుంటే పక్కింటి తలుపు తెరుచుకుంది. తొమ్మిదేళ్లలో అలాంటప్పుడు తెరుచుకోవడం అదే మొదటిసారి. ఆమె నా నుదుటి మీద రక్తం చూసింది. మా ఇంటి లోపలి నుంచి వచ్చే మూలుగు విన్నది.

"ఎవరిదే గా మూలుగు?"

"ఆయినెది," అన్నాను.

నన్ను పై నుంచి కిందికి చూసి, చెంబుతో నీళ్లు తెచ్చి ముఖం కడిగింది. తర్వాత తనే రోడ్డు మీదికి పోయి ఆటో ఆపింది.

పోవడానికి సెంటర్ తప్ప నాకు ఇంకో చోటు తోచలేదు. కౌంటర్ అమ్మాయి నుదుటికి గుడ్డ కట్టింది. సారు ఏమైందని అడుగుతుంటేనే టైపు గదిలోకి పోయి కూర్చున్నాను. చేతులకు పని లేకపోతే పిచ్చెక్కుతుందనిపించింది. పొద్దున మిగిలిన రిపోర్టులు ఒక్కొక్కటే విని టైపు చేశాను.

ఆరు దాటాక ఊళ్లో ఎముకల డాక్టరు దగ్గర నుంచి ఒక ఫిల్ము వచ్చింది. అది మా ఆయనది. కంపెనీ దవాఖానకు పోలేదు. పోతే బాయిలో విరిగిందా ఇంట్లో విరిగిందా అని అడుగుతారు, సాయంత్రానికి కాలనీ అంతా పెళ్లాం కొట్టిందని చెప్పుకుంటుంది. చీటీ మీద ఆయన పేరు, వయసు. కింద 'మెట్ల మీంచి జారిపడి' అని ఉంది. మా క్వార్టర్‌కు ఒక్క మెట్టు కూడా లేదు.

కాసేపటికి కరీంనగర్ నుంచి డాక్టరు గొంతు వచ్చింది. ఇంగ్లీషులో ఎముక పేరు చెప్పాడు, ఎక్కడ విరిగిందో చెప్పాడు. తర్వాత చిన్నగా నవ్వాడు.

"మొగోళ్లవి గిట్ల శానా తక్వ అస్తయి అమ్మా. గీయన మెట్ల మీద పడలే. ఎవరో గట్టిగనే కొట్టిండ్రు, చెయ్యి అడ్డం పెట్టిండు. రిపోర్టుల మాత్రం రాయకు."

రాయలేదు. అంతమంది ఆడవాళ్లకు ఎలా వదిలేశానో మా ఆయనకూ అలాగే వదిలేశాను. ప్రింటు తీస్తుండగా లెక్క తట్టింది. ఈ ఎముక అతకడానికి ఆరు వారాలు, నాకు బాగా తెలుసు. ఆరు వారాలు బాయికి పోడు. మొదటి షిఫ్టు లేదు, రెండోది లేదు, రాత్రి లేదు. పొద్దంతా, రాత్రంతా ఆ మంచం మీద కూర్చుని తలుపు వైపు చూస్తుంటాడు. అలాంటి మనిషికి ఎదురు డ్యూటీ వేసుకోవడానికి రోజులో గంటలే లేవు. నేను ఆ ఇంటికి పోతే ఈసారి బతకను, లేదా ఆయన బతకడు. ఆ రెండో మాట వల్ల ఎక్కువ భయం వేసింది. పెంక ఎంత తేలిగ్గా లేచిందో చేతులకు గుర్తుంది.

తెల్లకాగితం తీసి రెండో అర్జీ రాశాను. సుల్తానాబాద్‌లో మా చిన్నమ్మ ఇంటి నుంచి పని చేస్తానని, డాక్టరు మాటలు ఫోన్‌కే వస్తాయి కాబట్టి ఎక్కడ కూర్చుని టైపు చేసినా ఒకటేనని, సెంటర్‌లో వాడకుండా పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ ఇప్పించమని, రిపోర్టులు ఆగితే మానిపించమని. కారణం దగ్గర ఇలా రాశాను: 'నా భర్త నన్ను కొడతాడు. మొదటి అర్జీలో రాసిన కారణం అబద్ధం. ఆయనకు కనపడకుండా ఉండటానికే ఆ వేళలు అడిగాను. ఈ రోజు నేను ఆయన్ని కొట్టాను.'

సారు నిలబడే చదివాడు. చదువుతూ కుర్చీలో కూర్చున్నాడు. వక్కపలుకు నమలడం ఆగిపోయింది.

"కారణం వేరేది రాయరాదమ్మా? ఫైల్ల ఉంటది గిది."

"ఉండనియ్యుండ్రి సార్. ఈసారి గిదే రాస్త."

కాగితం బల్ల మీద పెట్టాడు. "నా నోటితోనే అయింది గదనే," అన్నాడు. అవును సార్ మీ వల్లే అని అనబోయాను. ఆ ముసలి ముఖం చూసి, కొట్టింది మీరు కాదు కదా అని మాత్రం అన్నాను. సంతకం పెట్టాడు. బీరువాలోంచి ల్యాప్‌టాప్ తీసి, దాని తీగలు తనే చుట్టి నా బ్యాగులో పెట్టాడు. బోర్డు దగ్గరికి పోయి నా పేరు పక్కన రాసి ఉన్న వేళలన్నీ చేత్తో తుడిచేశాడు.

కరీంనగర్ పోయే బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. గోదావరి బ్రిడ్జి దాటాక ఫోన్ తీశాను. నాలుగేళ్లుగా డాక్టరు గొంతు నాకు రావడమే తప్ప నా గొంతు ఆయనకు పోయింది లేదు. బటన్ నొక్కి పట్టుకున్నాను.

"సార్, నేను టైపు చేసే అమ్మాయిని. ఇయ్యాల మీరు చూసిన మొగాయినె నా భర్త. కొట్టింది నేనే. పది నెల్ల కింద నల్లా దగ్గర జారిపడ్డ ఆమె ఉంటది సార్, మీరు పడలే అన్నరు, ఆమె గుడ నేనే."

పంపించాక భయమేసింది. ఉద్యోగం పోతుందేమో, పోలీసులకు చెప్తాడేమో. ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టుకుని నుదుటి గుడ్డ సర్దుకున్నాను. పెద్దపల్లి బస్టాండులో బస్సు ఆగింది, జనం దిగారు, ఎక్కారు. బస్సు మళ్లీ కదిలాక ఫోన్ అదిరింది. డాక్టరు గొంతు.

"చెయ్యి మంచిగ అతికిందా అమ్మా?"

ఎడమచెయ్యి చాచి చూసుకున్నాను. విరిగినప్పటి నుంచి ఎవరైనా ఆ సంగతి అడగడం అదే మొదటిసారి. చిటికెన వేలు వైపు ఎముక మీద ఒక గడ్డ ఉంది, వేలితో తడిమితే తెలుస్తుంది. బటన్ నొక్కాను.

"అతికింది సార్. కొంచెం వంకరుంది."

బస్సు సుల్తానాబాద్ చేరేలోపు ఆయన దగ్గర నుంచి ఇంకో రెండు ఫిల్ముల మాటలు వచ్చాయి. ఒకటి ఛాతీది. రెండోది ఎవరో ఆడామె చెయ్యి, చీటీ మీద బాత్రూము అని ఉందట. ఇంగ్లీషులో చెప్పాల్సింది చెప్పి, ఎప్పటిలాగే తెలుగులోకి దిగాడు.

"గీమె పడలేదమ్మా," అన్నాడు. "రాయి."